కనబడని సైలెన్సరు: చార్వాక మతంలో దాని స్థానం

పాత మోటారు యాట్ (విలాస పడవ) కొనేవాళ్ళంతా చార్వాకులే. ఇది నింద కాదు, దర్శన శాస్త్ర విచారణ. అప్పు చేసైనా నెయ్యి తాగమన్న సిద్ధాంతాన్ని ఇంత నిష్ఠగా పాటించే వర్గం ఈ కాలంలో ఇంకొకటి కనబడదు. నేతి గిన్నె స్థానంలో 53 అడుగుల హట్టెరాస్ కంపెనీ యాట్ వచ్చిందంతే. ఫ్లారిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ కాలువల వెంట నడిస్తే ఈ మతస్థుల ఆశ్రమాలు వరసగా కట్టేసి ఉంటాయి.

అప్పు సంగతి బ్యాంకు చూసుకుంటుంది. మనకు కావలసింది రెండో సూత్రం: ప్రత్యక్షమే ప్రమాణం, కంటికి కనబడేదే ఉన్నట్టు. టేకు రెయిలింగు కనబడుతుంది కాబట్టి దానికి ఏటా నాలుగు కోట్లు (వార్నిష్ పూతలు లెండి, రూపాయలు కావు, చివర్లో తేడా పెద్దగా ఉండదు). సైలెన్సరు ఎక్కడో వెనక గదిలో, మంచం కింద, తివాచీ కింద, ప్లైవుడ్ పలక కింద ఉంటుంది. కాబట్టి లేదు. మన ఊళ్ళో బుల్లెట్ బండి సైలెన్సరు పీకేసి ఊరేగే కుర్రాళ్ళు కనీసం అదొకటి ఉందని ఒప్పుకున్నాకే పీకుతారు. యాట్ యజమానిది అంతకు మించిన వైరాగ్యం.

ప్రతివాది మెకానిక్కు. ఇతను నైయాయికుడు, అంటే న్యాయదర్శనం వాడు, అనుమాన ప్రమాణాన్ని (కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడాన్ని) నమ్మేవాడు. అతని వాదన ఇలా సాగుతుంది. లోపల ఉన్నవి రెండు డెట్రాయిట్ 8వి71 ఇంజిన్లు, ఒక్కొక్కటీ 9.3 లీటర్ల టూ స్ట్రోక్ డీజిలు. పూర్తి బరువు లాగుతున్నప్పుడు వాటి పొగ వేడి 400 డిగ్రీలు దాటుతుంది. పంపు సముద్రపు నీళ్ళు లాగి, హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజిన్ కూలెంటును చల్లార్చే డబ్బా) గుండా తిప్పి, మిక్సింగ్ ఎల్బో అనే వంపు గొట్టం దగ్గర ఆ పొగలో కలుపుతుంది. పొగ చల్లబడుతుంది, అక్కణ్ణుంచి గొట్టం మీద చెయ్యి పెట్టగలం. అందుకే ఎల్బో దాటాక ఇనుముండదు, అంతా రబ్బరూ ఫైబర్‌గ్లాసే. నీళ్ళు వస్తున్నంతసేపే అది సైలెన్సరు. ఆగిన మరుక్షణం కట్టెల పొయ్యి మీద పెట్టిన ప్లాస్టిక్ చెంబు.

నీళ్ళెందుకు ఆగుతాయి? పంపులో అరచేతి కన్నా చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, ఇంపెల్లరు. ఒక పాలిథిన్ సంచి వచ్చి నీళ్ళ రంధ్రానికి అతుక్కుంటే చాలు, ఇంపెల్లరు పొడిగా తిరిగి కాసేపట్లోనే రెక్కలు రాలుస్తుంది. చార్వాకుడు ముందున్న టెంపరేచర్ మీటరు చూసి నిబ్బరంగా ఉంటాడు, ముల్లు కదల్లేదు కదా అని. ఆ ముల్లు చూపించేది ఇంజిన్ లోపలి కూలెంటు వేడిని. అది కదిలేసరికి వెనకాల సైలెన్సరు వేగిపోయి ఉంటుంది. ఎస్‌ఏఈ జె2006 (పడవ పొగ గొట్టాల ప్రమాణం) ముద్ర ఉన్న గొట్టం నీళ్ళు లేకుండా 2 నిమిషాలు తట్టుకోవాలని పరీక్ష పెడతారు. నలభై ఏళ్ళ సైలెన్సరు అలాంటి ప్రమాణం ఏదీ చేయలేదు. ఎల్బో తర్వాత గొట్టానికి పట్టీలా చుట్టే ఉష్ణోగ్రత అలారం ఒకటి దొరుకుతుంది, సుమారు 74 డిగ్రీల దగ్గర అరుస్తుంది. ధర ఒక విడత వార్నిష్ ఖర్చులో చిల్లర. కానీ అది మెరవదు, ఎవరు కొంటారు?

కొత్త ఇంపెల్లరు వేసేటప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టాలి. రెండు తగ్గితే ఆ రెండూ హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర ఇరుక్కుని ఉంటాయి. అవి బయటికి రాకపోతే కొత్త ఇంపెల్లరు కూడా సగం నీళ్ళే తోస్తుంది.

బూడిదైన దేహం మళ్ళీ తిరిగి రాదని చార్వాకులు ముందే చెప్పారు, సైలెన్సరు విషయంలో అక్షరాలా నిజం. ఫైబర్‌గ్లాసును గట్టిగా పట్టి ఉంచే రెసిన్ కాలిపోయి లోపల గాజు బట్ట మాత్రం మిగులుతుంది. అడ్డుపలకలు వదులై, ఒకటి మీద ఒకటి ఒరిగి దారి మూస్తాయి. బయట పెయింటు మాత్రం పెళ్ళిపందిరిలా ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో పొడుగునా తట్టి వినాలి, కొబ్బరికాయ ఏరుకున్నట్టే. గట్టి చోట టకటకమంటుంది, పొరలు విడిన చోట మొద్దుగా పలుకుతుంది. అతుకుల దగ్గర తెల్లటి ఉప్పు, గోధుమరంగు మరక, మసి గీత కనబడితే తట్టాల్సిన పని కూడా లేదు.

దారి మూసుకుంటే ఇంజిన్ ఊపిరి వదలలేదు. నల్లపొగ, పూర్తి వేగానికి రెండు వందల ఆర్‌పీఎం తక్కువ. యజమాని ప్రొపెల్లరు మారుస్తాడు, ఇంజెక్టర్లు మారుస్తాడు, డీజిలు బంకు మారుస్తాడు. నైయాయికుడు మాత్రం చెక్క పలక మీద పారదర్శక గొట్టాన్ని ‘యు’ ఆకారంలో బిగించి, సగం దాకా నీళ్ళు పోసి తెస్తాడు. నీళ్ళు కలిసే చోటుకు ముందు, టర్బో ఉంటే దాని తర్వాత, పొడి భాగంలో ఒక రంధ్రం. అక్కణ్ణుంచి వేడి తగ్గడానికి కొంత రాగి గొట్టం, ఆ తర్వాత ఈ ‘యు’. సముద్రంలో పూర్తి బరువు మీద నడిపి రెండు కొమ్మల్లో నీటి మట్టాల తేడా కొలవాలి. రేవులో కట్టేసి రేజు చేస్తే ఏమీ తెలియదు. టర్బో ఇంజిన్లకు 50 సెంటీమీటర్లు, టర్బో లేనివాటికి మీటరు దాకా మామూలు హద్దు. అసలు అంకె ఆ ఇంజిన్ పుస్తకంలోనే చూడాలి.

పొగ ఉన్నచోట నిప్పుంటుందని తర్కశాస్త్రం. పడవ వెనక తెల్లటి ఆవిరి దట్టంగా లేస్తే మాత్రం అక్కడ నీళ్ళు చాలడం లేదని అనుమానించాలి. ఈ ఒక్క సవరణకు న్యాయశాస్త్రం ఒప్పుకుంటుందనే అనుకుంటాను.

ఇక మరమ్మతు. చార్వాకుడి చేతికి మొదట తగిలేది పడవ అడుగుకు పూసే మామూలు ఎపాక్సీ. చాలా రకాలు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. వేడికి తట్టుకునే వినైల్ ఎస్టర్ రెసిన్ కావాలి, అదీ బయటి పగులుకే. లోపలి పలకలు పోతే కొత్త సైలెన్సరే. గొట్టం ప్రతి కొసకూ రెండేసి క్లాంపులు, 316 స్టెయిన్‌లెస్‌వి, బిగించే మర కూడా అదే లోహం. చాలా క్లాంపుల్లో పట్టీ మెరుస్తూనే ఉంటుంది, తుప్పు పట్టేది ఆ మర. గొట్టం బయటికి మీటరుకు 4 సెంటీమీటర్ల చొప్పున వాలుతూ పోవాలి, మధ్యలో బొజ్జ వేలాడకూడదు.

జనరేటరుది వేరే తద్దినం. దానికుండేది నీళ్ళు నింపుకుని పొగ ఒత్తిడితో బయటికి తోసే రకం సైలెన్సరు. ఇంజిన్ అంటుకోకుండా స్టార్టరు మాత్రం తిప్పుతూ పోతే తోసే పొగ ఉండదు, నీళ్ళు నిండి వెనక్కి సిలిండర్లలోకి చేరతాయి. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకే రెండు మూడు ప్రయత్నాలు విఫలమైతే సీకాక్ (సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే కుళాయి) మూసి, సైలెన్సరు అడుగు బిరడా తీసి నీళ్ళు వంచి, ఆ తర్వాతే మళ్ళీ తిప్పాలి. అంటుకోగానే సీకాక్ తెరవాలి. ఈ చివరి వాక్యం మర్చిపోయినవాళ్ళు పైన ఇంపెల్లరు దగ్గర్నుంచి మళ్ళీ చదువుకోవచ్చు.

చివరగా కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. చార్వాక మతంలో దీనికంటే లేని వస్తువు ఉండదు. పగిలిన సైలెన్సరు నుంచి అది నేరుగా మంచం కిందికే వస్తుంది. గోడ మీద డిటెక్టరు ఉంది, కనబడుతూనే ఉంది. అర్ధరాత్రి జనరేటరు నడుస్తుండగా అది అరుస్తుంది. యజమాని లేచి, కళ్ళు నులుముకుంటూ, దాని బ్యాటరీ తీసి సొరుగులో వేసి పడుకుంటాడు.