సవరణ: ఒపెరా న్యూట్రినోల పోస్టు గురించి

న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల వేగాన్ని కొలిచిన 2011 నాటి ఒపెరా అనే భౌతికశాస్త్ర ప్రయోగంపై పెట్టిన పోస్టులో "ఐన్‌స్టీన్ తప్పని ప్రకటించారు, తీరా చూస్తే కేబుల్ లూజు" అని ఉంది. ఈ రెండు మాటలూ సవరించాలి.

న్యూట్రినోలను పంపిన జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి వాటిని పట్టుకున్న ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు సుమారు 730 కిలోమీటర్లు. న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరినట్టు లెక్క తేలింది. కాంతిని ఏదీ దాటలేదన్నది ఐన్‌స్టీన్ సిద్ధాంతం. అయినా ఒపెరా బృందం ఐన్‌స్టీన్ తప్పని అనలేదు. సెమినార్ పెట్టి, పేపర్ రాసి ఫలితం చెప్పింది. నెలల తరబడి వెతికినా లోపం దొరకలేదు, మీరూ పరీక్షించండి అని తోటి శాస్త్రవేత్తలను కోరింది. వార్తల హోరులో ఆ విన్నపం చాలామందికి వినపడలేదు.

ఆ తర్వాత బయటపడ్డ లోపాలు రెండు. సమయం తెలిపే జీపీఎస్ సిగ్నల్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ సరిగ్గా బిగించలేదు. దాంతో ప్రయాణ సమయం తగ్గినట్టు కనిపించింది. గడియారాన్ని నడిపే ఆసిలేటర్ లోపం మాత్రం దాన్ని పెంచి చూపేది. రెండూ సరిచేశాక తేడా మాయమైంది. 2012 మార్చిలో, గ్రాన్ సాసోలోనే ఉన్న ఇకారస్ ప్రయోగం కూడా న్యూట్రినోలు కాంతిని దాటలేదని తేల్చింది.

ఆ నెలలోనే ఒపెరా నాయకులు ఎరెడిటాటో, ఔటియెరో పదవులు వదులుకున్నారు. నిజాయితీగా సాయం అడిగినవాళ్లకు ఇలా జరగడం బాధాకరం. అయినా ఆ కనెక్టర్ దాకా చూసుకున్నాకే సెమినార్ పెట్టాల్సిందని నా అభిప్రాయం. బృందంలోనే కొందరు తొందర వద్దంటూ ఆ పేపర్‌పై తమ పేర్లు పెట్టనివ్వలేదు.