సవరణ: పాత డ్రైవ్‌ను కొత్త కంప్యూటర్‌కు మార్చడం గురించి

పాత డ్రైవ్‌ను కొత్త కంప్యూటర్‌లో బిగిస్తే విండోస్ దానంతటదే మొదలవుతుందని గత టపాలో రాసిన వాక్యానికి వివరణ అవసరం. డ్రైవ్‌ను భాగాలుగా విభజించిన తీరు పాతదైన ఎంబీఆర్ పద్ధతిలో ఉండి, కొత్త మదర్‌బోర్డు యూఈఎఫ్ఐ బూట్‌ను (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త విధానాన్ని) మాత్రమే అనుమతించేదైతే, డ్రైవ్ బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగుల) తెర మీద కనిపిస్తుంది గానీ విండోస్ మొదలు కాదు. విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ సాధనంతో, ఫైళ్లు చెరిగిపోకుండా, పాత కంప్యూటర్‌లోనే ఆ డ్రైవ్‌ను కొత్త విభజన పద్ధతైన జీపీటీకి మార్చుకోవాలి (బ్యాకప్ తీసుకున్నాకే సుమా). బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న సిస్టమ్ డ్రైవ్, అంటే విండోస్ ఉన్న డ్రైవ్, కొత్త యంత్రంలో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది కాబట్టి, పాత కంప్యూటర్‌ను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో అమ్మేయకముందే ఆ కీని కాగితం మీద రాసుకోవడం మేలు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు పాత యంత్రానికే పరిమితం. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మాత్రం మార్చుకోవచ్చు. బిట్‌లాకర్ లేని, ఫొటోలూ పత్రాలూ మాత్రమే దాచుకున్న రెండో డ్రైవ్‌కు ఈ తంటాలేవీ లేవు.