డిపెండెంట్ వీసా సంగతి పెళ్లిచూపుల్లోనే అడగాలి

ఈ ఉదయం ఒక గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, అమెరికాలో ఉన్న మా చెల్లెలి ఉద్యోగం ఆగిపోయిందని విన్న బంధువు ఒకావిడ, "అల్లుడుగారు సంపాదిస్తున్నారు కదమ్మా, అది ఇంటిపట్టున ఉంటే మాత్రం ఏం పోయింది?" అన్నారు. పెద్దావిడ కాబట్టి అక్కడ నోరెత్తలేదు గానీ, ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

ఏం పోయిందో చెబుతాను. చెల్లెలిది హెచ్-4 వీసా, అంటే హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద పనిచేసే భర్త వెంట వెళ్లిన భార్యకు ఇచ్చేది. దాని మీద ఉద్యోగం చేసుకునే హక్కు దానంతటది రాదు. గ్రీన్‌కార్డు కోసం భర్త తరఫున కంపెనీ వేసిన ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందాలి, లేదా ఆ దారిలో ఉండగా ఆరేళ్లు దాటి ఆయన హెచ్-1బికి పొడిగింపు రావాలి. అప్పుడే భార్య ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకోగలదు. ఆ కాస్త వెసులుబాటైనా 2015 మే నెల నుంచి వచ్చిందే. ఆ కార్డు మీద సి26 అని ఒక కోడ్ ఉంటుంది. ఎంత చదువుకున్నా, ఎంత అనుభవమున్నా అక్కడ ఆమెను పనిలోకి తీసుకోవడానికి ఆ కోడే ఆధారం.

కార్డు గడువు ముగియడానికి 180 రోజుల ముందు నుంచి మాత్రమే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టనిస్తారు. ఇదివరకు దరఖాస్తు పెండింగులో ఉన్నంత కాలం, 540 రోజుల వరకు, పాత కార్డుతోనే పని సాగేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన దరఖాస్తులకు ఆ సౌకర్యం తీసేశారు. చెల్లెలు ఆ తర్వాతే పెట్టింది. పాత కార్డు పోయిన వారం ముగిసింది, కొత్తది రాలేదు, ఆఫీసువాళ్లు జీతం లేని సెలవు మీద ఇంటికి పంపారు. తన తప్పేమీ లేకుండానే, తాను కష్టపడి సంపాదించుకున్న పని నుంచి ఒక మనిషిని పక్కకు తప్పించారు, దానికి మనవాళ్లు చెప్పే ఓదార్పు ఇంటిపట్టున ఉండమని!

అదే దేశంలో ఎల్-1 మీద, అంటే కంపెనీ తన విదేశీ శాఖ నుంచి బదిలీ చేసే ఉద్యోగికి ఇచ్చే వీసా మీద వెళ్లిన భర్త వెంట ఉన్న భార్యకు 2021 నవంబరు నుంచి విడిగా ఈఏడీ కార్డే అక్కర్లేదు. ఇద్దరూ భార్యలే, ఇద్దరూ చదువుకున్నవాళ్లే, భర్తల వీసా వేరైనంత మాత్రాన ఒకామె ఆ కార్డు లేకుండానే పనిచేయవచ్చు, ఇంకొకామె చేయకూడదు. ఇందులో న్యాయమేమిటో నాకు అర్థం కాదు. భర్త ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో ఇంకో దారి చూసుకోకపోతే ఇద్దరూ దేశం విడిచి వెళ్లాల్సిందే. విడాకులైతే ఆమె హెచ్-4 హోదా అక్కడితో ముగుస్తుంది. భర్త మంచివాడైతే సరే, కాకపోతే ఆమె బతుకంతా అతని దయ మీద నడవాలి.

పోనీ గ్రీన్‌కార్డు వస్తే అన్నీ తీరతాయంటారు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమని 1990 చట్టంలో పెట్టిన పరిమితి వల్ల మన దేశంవాళ్లు పదేళ్లకు పైగా వరుసలో నిలబడుతున్నారు. ఈలోగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే వాళ్ల డిపెండెంట్ హోదా కూడా పోతుంది.

నా అసలు కోపం అమెరికా మీద కాదు, సంబంధం తెచ్చిన మన పెద్దల మీద. అబ్బాయి జీతమెంత, ఇల్లుందా, అప్పులున్నాయా అని గుచ్చి గుచ్చి అడిగారు. అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడు, ఐ-140 ఆమోదమైందా, అమ్మాయి ఎప్పటికి ఉద్యోగం చేయగలదు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. "హెచ్-1బి అండీ" అనగానే సెటిలైనట్టే అనుకున్నారు. ఇక్కడ సొంత కాళ్ల మీద నిలబడి, నెలనెలా జీతం తెచ్చుకుంటున్న పిల్ల చేత రాజీనామా రాయించి విమానం ఎక్కించారు.

ఇప్పుడు మా పిన్ని కూతురికి సంబంధాలు చూస్తున్నారు. రాబోయే పెళ్లిచూపుల్లో ఐ-140 కాగితం చూపించమని నేనే అడుగుతాను. మర్యాద కాదని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.