చెవి వెనక కచేరీ

మా ఇంట్లో ఏది మాట, ఏది రొద అని తేల్చే అధికారం యాభై రెండేళ్ళ పాటు మా అమ్మ చేతిలో ఉండేది. పోయిన శ్రావణంలో అది నాన్నగారి కుడిచెవి వెనక చిక్కుడు గింజంత పెట్టెలోకి బదిలీ అయింది. అఖిలపక్షం పిలవలేదు, అభ్యంతరాలు స్వీకరించలేదు. బిల్లు మాత్రం నా పేరున వచ్చింది.

సదరు పెట్టెను శాస్త్రజ్ఞులు హియరింగ్ ఎయిడ్ అంటారు. అమ్మ "చెవి మిషను" అంటుంది. కచేరీ మా ఇంట్లోనే నడుస్తోంది కనుక అమ్మ మాటే వాడదాం. బయటి శబ్దాన్ని సెకనుకు 16 వేలసార్లకు పైగా కొలిచి, అంకెలు చేసి, వాటి మీద విచారణ జరిపి, తిరిగి శబ్దం చేసి చెవిలో పోస్తుంది. అంతా కొన్ని మిల్లీసెకన్లలోనే. చెవికి తగిలించుకునే పూర్తి డిజిటల్ మిషన్లు బజారులో నిలదొక్కుకున్నది 1996 ప్రాంతంలో. అంతకు ముందు వాటిలో చాలావాటికి ఇంత తెలివి లేదు. గిన్నెల మోత, గుడిగంట, అల్లుడి పలకరింపు, వచ్చినదాన్నల్లా పెంచి లోపల గుమ్మరించేవి.

ఇప్పుడు అలా కుదరదు. లోపలికి పోయే ప్రతి శబ్దం తాను మాటనని రుజువు చేసుకోవాలి. మాట ఎగుడుదిగుడుగా ఉంటుంది. సెకనుకు నాలుగైదు అక్షరాల లెక్కన లేస్తుంది, పడుతుంది. ఫ్యానూ, నీళ్ళ మోటారూ ఏకబిగిన మోగుతాయి. అందుకని ఏకబిగిన వచ్చేదాన్ని చిప్పు రొద కింద జమకట్టి తగ్గించేస్తుంది. మా పెద్దత్తయ్య వచ్చి రెండు గంటలు మాట్లాడి వెళ్ళాక నాన్నగారు "ఇవాళ ఇల్లు ప్రశాంతంగా ఉందిరా" అన్నారు. నాకు అనుమానం వచ్చి, వినికిడి పరీక్షించి మిషను అమర్చిన ఆడియాలజిస్టు అమ్మాయిని అడిగాను. "ఎంత గబగబా మాట్లాడినా మధ్యలో సందులుంటాయండీ, చిప్పు పొరబడదు" అంది. పాపం, ఆ అమ్మాయి మా పెద్దత్తయ్యను చూడలేదు.

అసలు విప్లవం మరోచోట వచ్చింది. కంప్రెషన్ అని ఒక పద్ధతి ఉంది. మెల్లగా వచ్చేదాన్ని ఎక్కువ పెంచాలి, గట్టిగా వచ్చేదాన్ని కొద్దిగానే పెంచాలి. గుసగుసనూ గావుకేకనూ దాదాపు ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడమన్నమాట. వినడానికి సమధర్మంలా ఉంటుంది గానీ, దీనివల్ల ఒక గృహిణి యాభై రెండేళ్ళ కష్టార్జితం ఏమైందో ఎవరైనా ఆలోచించారా? "ఏమండీ"తో మొదలై, "ఏమండోయ్" మీదుగా, "మిమ్మల్నే!" దాకా అమ్మ కట్టుకున్న మెట్లు ఒక్కరోజులో చదునైపోయాయి. పొద్దున్నుంచి వంకాయలు తెమ్మంటున్నానని ఆవిడ పెట్టిన కేక, నాన్నగారి చెవిలో శుభలేఖ చదివినంత మర్యాదగా పడింది. అదే సాయంత్రం ఫోనులో అక్కయ్యతో "గాజులు మార్పించాను, నాన్నకు చెప్పకు" అని గొణిగితే, హాల్లోంచి "ఎన్ని కాసులు?" అని వినిపించింది. అమ్మ ఫోను పెట్టేసి, చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చుంది.

నిజానికి వయసు మీద పడ్డాక ముందు పోయేవి సన్నటి, హెచ్చు శ్రుతి ధ్వనులు. స, శ, ష లాంటివి ముందు జారిపోతాయి. సంచి తెమ్మంటే నాన్నగారు దిక్కులు చూసింది అందుకేనని ఇన్నాళ్ళకు తెలిసింది. పెన్షన్ అనే మాటలో మాత్రం ఆ "ష" ఎన్నడూ జారిపోలేదు. దీనికి శాస్త్రంలో జవాబు ఉన్నట్టు లేదు.

ఇక మైకులు రెండు. రెంటికీ చేరే శబ్దంలో ఉండే చిన్న తేడాను బట్టి ఎదుట ఉన్నవారికి పెద్దపీట వేసి, వెనకవారిని తగ్గిస్తాయి. ఈ సంగతి తెలిసిన మర్నాడే నాన్నగారు పడక్కుర్చీని వీధి వైపు తిప్పించుకున్నారు. వంటిల్లు ఇప్పుడు సరిగ్గా వీపు వెనక ఉంది. గాలి కోసమట.

చిప్పు చేతులెత్తేసింది ఒక్క టీవీ చర్చ దగ్గరే. ఆరుగురూ మాట్లాడతారు, ఆరుగురివీ మాటలే, రొద అనడానికి చట్టం ఒప్పుకోదు.

ఈ చట్టం చెవి మిషన్లకే పరిమితమని నిశ్చింతగా ఉండకండి. డాలస్‌లో ఉన్న మేనకోడలికి విజయవాడ నుంచి వీడియో కాల్‌లో సంగీతం చెబుతారు. ఆ యాప్‌లోనూ రొదను తీసేసే ఇలాంటి సరుకే ఉంది.

"శ్రుతి పెట్టుకోవమ్మా."

"పెట్టానండీ."

"మరి వినపడదేం?"

పిల్ల శ్రుతిపెట్టెను ఫోను మీదికే తోసింది. అయినా లాభం లేదు. ఏకబిగిన మోగుతోంది కాబట్టి తంబురా కూడా ఫ్యాను జాతే. సంగీతానికి ఆధారమైన శ్రుతి ఏ సముద్రంలో కలిసిందో గానీ, పక్కింటి కుక్క రెండు మొరుగులు మాత్రం స్పష్టంగా అందాయి. సెట్టింగుల్లో ఆ తీసివేతను ఆపే మీట దొరికేసరికి వర్ణం వాయిదా పడింది. నాన్నగారి మిషనుదీ అదే తంతు. పిల్లనగ్రోవి మీద నిలకడైన స్వరం వస్తే, అది తన శబ్దమే తన మైకులోకి తిరిగి దూరి పుట్టే కూతేనేమోనని భయపడి నొక్కబోతుంది, స్వరం వణుకుతుంది. అందుకే సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టారు.

మా వాడు మాత్రం బయటి రొదను రద్దుచేసే ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నాడు. వచ్చిన అలకు ఎదురు అలను పుట్టించి చెల్లుకు చెల్లు చేస్తాయవి. ఒకరికి వినపడడానికీ, ఒకరికి వినపడకుండా ఉండడానికీ, రెండు ఈఎంఐలూ నావే.

నాన్నగారి మిషనుకు 312 నంబరు బ్యాటరీ వేస్తాం. వెనక గోధుమరంగు కాగితం పీకితే గాలి పీల్చుకుని పనికి దిగుతుంది. దాని చిన్న తలుపు మూస్తే మిషను పలుకుతుంది, తెరిస్తే ఆగిపోతుంది. మొన్న పొలం వాటా సంగతి తేల్చుకుందామని బాబాయి వచ్చాడు. నాన్నగారు ఎదురుగా కూర్చుని, ఎక్కడా అడ్డుతగలకుండా, తలాడిస్తూ గంటసేపు విన్నారు. "అన్నయ్య ఇంత ఓపిగ్గా వినడం ఇదే మొదటిసారి వదినా" అని బాబాయి కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. అమ్మ కాఫీ గ్లాసులు తీస్తూ వంగి, ఆయన చెవి వెనక చూసింది.

తలుపు బార్లా తెరిచి ఉంది.