సవరణ: ఆడ్లీ హారిసన్ యూరోపియన్ టైటిల్ గెలిచాడు

బ్రిటిష్ హెవీవెయిట్ బాక్సర్ ఆడ్లీ హారిసన్ మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో, సిడ్నీ 2000 ఒలింపిక్ స్వర్ణం తర్వాత అతనికి యూరోపియన్ టైటిల్ కూడా దక్కలేదని రాశాను. తప్పు. 2010 ఏప్రిల్‌లో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మైకేల్ స్ప్రాట్‌ను 12వ రౌండ్‌లో నాకౌట్ చేసి ఆ టైటిల్ గెలిచాడు. హారిసన్ సౌత్‌పా, అంటే ఎడమచేతి వాటం బాక్సర్ కాబట్టి ముందుండేది కుడిచెయ్యి, జాబ్ (ముందుచేత్తో సూటిగా వేసే చిన్న పంచ్) దానితోనే. ఆ ఫైట్‌లో కుడివైపు ఛాతీ కండరమే చిరిగింది. జాబ్ పడకపోతే దూరం అంచనా దొరకదు, బలమైన పంచ్ వేసే ఎడమచెయ్యికి దారీ దొరకదు. పాయింట్లలో వెనకబడ్డాడు. చివరికి ఆ ఎడమచెయ్యే పడింది, స్ప్రాట్ లేవలేదు.

అదే ఏడాది నవంబరులో అప్పటి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ డేవిడ్ హే మీద హారిసన్ 'ఒక్క పంచే విసిరాడు' అని ఆ పోస్టులో అన్నదీ సరికాదు. విసిరినవి ఇంకా ఉన్నాయి, తగిలింది ఒక్కటి, అదీ జాబ్. మూడో రౌండ్‌లో ఫైట్ ఆపేశారు, హే గెలిచాడు.

అప్పటి మ్యాచ్ రిపోర్టులు, పంచ్‌ల లెక్కలు మళ్ళీ చూసి దిద్దుతున్నాను. రెండూ నా పొరపాట్లే.

ప్రధాన సంస్థల ప్రపంచ టైటిల్ ఏదీ రాలేదన్న మాటలో మాత్రం మార్పు లేదు. 2004లో గెలిచిన డబ్ల్యూబీఎఫ్ (ఒక చిన్న బాక్సింగ్ సంస్థ) ప్రపంచ టైటిల్ బెల్టును బాక్సింగ్ వాళ్ళు పెద్దగా లెక్కలోకి తీసుకోరు.