నీళ్ళు ఆగాక మూసెయ్యమన్నారు

డ్రై పైప్ వాల్వ్‌తో వచ్చిన చిక్కంతా అది ఏ పనీ చేస్తున్నట్టు కనపడకపోవడమే. ఫైర్ పంపు అప్పుడప్పుడూ రొద పెడుతుంది, కంప్రెసర్ గుర్రుమంటుంది, ప్యానెల్ మీద లైట్లు వెలుగుతుంటాయి. ఇదేమో వాల్వ్ రూములో ఓ మూల ఎర్రరంగు పూసుకుని, ఒళ్ళంతా చిన్న చిన్న కుళాయిలు వేలాడేసుకుని, ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. అన్ని కుళాయిలున్న వస్తువుని చూస్తూ ఏదో ఒకటి తిప్పకుండా ఉండటం మనిషన్నవాడి వల్ల కాదు. మా గోడౌన్‌లో జరిగింది అదే. ఒకే రోజు, రెండుసార్లు, ఇద్దరు వేర్వేరు మనుషులు, రెండు వేర్వేరు కుళాయిలు.

ముందు దీని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాదంతా విని ఎక్కడ నవ్వాలో తెలియదు. మంట పుడితే కప్పు నుంచి నీళ్ళు చల్లే మామూలు స్ప్రింక్లర్ పైపుల్లో ఎప్పుడూ నీళ్ళు నిండి ఉంటాయి. చలి 4 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగే చోట అలా నీళ్ళు ఉంచడానికి లేదు, గడ్డకట్టాయంటే పైపులు పగులుతాయి. అందుకని అలాంటి చోట పైపుల్లో గాలిని ఒత్తిడితో నింపి ఉంచుతారు, కొన్నిచోట్ల నైట్రోజన్. నీళ్ళు వెచ్చగా ఉండే వాల్వ్ రూము దాకా వచ్చి ఆగుతాయి. వాటిని ఆపేది ఈ వాల్వే. లోపల క్లాపర్ అని ఒక మూత ఉంటుంది, కింద నుంచి నీళ్ళు దాన్ని పైకి తోస్తుంటాయి, పై నుంచి గాలి నొక్కి పెడుతుంటుంది. గాలి నొక్కే వైశాల్యం నీళ్ళు తోసే వైశాల్యం కంటే 5, 6 రెట్లు ఎక్కువ ఉండేలా చేస్తారు కాబట్టి 100 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే లెక్క) నీళ్ళని సుమారు 20 పీఎస్‌ఐ గాలి అదుపులో పెట్టగలదు. ఎందుకైనా మంచిదని దానిపైన ఇంకో 20 కలిపి 40 దగ్గర ఉంచుతారు. మంట పుట్టి ఒక్క స్ప్రింక్లర్ హెడ్ తెరుచుకుంటే చాలు, గాలి బయటికి పోయి ఒత్తిడి పడిపోతుంది, క్లాపర్ లేచి మళ్ళీ కిందపడకుండా గొళ్ళెం పట్టుకుంటుంది, నీళ్ళు పైపుల్లోకి పరిగెడతాయి. 1881లో స్ప్రింక్లర్‌కి పేటెంట్ తీసుకున్న ఫ్రెడరిక్ గ్రిన్నెల్ డ్రై పైప్ వాల్వ్ కూడా ఒకటి కనిపెట్టాడు. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. ఎంత బుర్ర! కాకపోతే ఈ క్లాపర్‌కి ఒకటే గుణం, గాలి పోయిందా లేదా అనే చూస్తుంది గానీ ఎందుకు పోయింది అని అడగదు.

ఇంక ఆ రోజు సంగతి. చలి ముదరకముందే లో పాయింట్లు ఖాళీ చేయించాలని మా సూపర్‌వైజర్ పట్టుదల. పట్టుదల సరైనదే. కంప్రెసర్ పంపే గాలిలో తేమ ఉంటుంది, అది నీరై పైపుల వాలున పల్లానికి చేరుతుంది, అక్కడే గడ్డకట్టి పైపుని చీలుస్తుంది. దానికోసమే పల్లంలో డ్రమ్ డ్రిప్ అని పెడతారు. పైన ఒక వాల్వ్, కింద ఒక వాల్వ్, మధ్యలో జానెడు కంటే కొంచెం పొడుగు పైపు ముక్క. పై వాల్వ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కింది వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంటుంది. ఖాళీ చేయాలంటే ముందు పైది మూయాలి, తర్వాత కిందిది తెరవాలి, నీళ్ళు కారాక కిందిది మూసి పైది తెరవాలి. ఈ వరసలో ఒక్క ముక్క మరిచిపోయినా కథ మారిపోతుంది.

పని అప్పగించింది కొత్త హెల్పర్ కుర్రాడికి. కుర్రాడు బంగారం, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అక్కడే వచ్చింది తంటా. సూపర్‌వైజర్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ మధ్యమధ్యలో చెప్పాడు: "ఆ మూల ఉంది చూడు, కింది వాల్వ్ తిప్పు, లోపల నీళ్ళుంటే వచ్చేస్తాయి. నీళ్ళు రావడం ఆగాక మూసెయ్." పైది ముందు మూయాలన్న మాట ఫోన్లో అవతలి మనిషికి పోయిందో ఏమో, మనవాడి చెవిన మాత్రం పడలేదు.

కుర్రాడు బకెట్ పట్టుకెళ్ళి, నిచ్చెన వేసుకుని, ప్లగ్ విప్పి, కింది వాల్వ్ తిప్పాడు. సుయ్యిమని గాలి. తేమతో నాలుగు చుక్కలు. మళ్ళీ గాలి. వీడికి చెప్పింది నీళ్ళ గురించి, గాలి గురించి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి గాలి పోనిచ్చి నీళ్ళ కోసం చూస్తున్నాడు. వాల్వ్ రూములో పాపం కంప్రెసర్ లేచి ఆయాసపడింది. దాని గాలి సన్నని రంధ్రం గుండా కొంచెం కొంచెంగానే వెళ్తుంది, కావాలనే అలా పెడతారు, లేకపోతే నిజంగా మంట వచ్చి హెడ్ తెరుచుకున్నప్పుడు పోయిన గాలిని పోయినట్టే నింపేసి వాల్వ్‌ని తెరుచుకోనివ్వదు. ప్యానెల్ మీద 'లో ఎయిర్' అని లైటు వెలిగి బీప్ మొదలైంది. సెక్యూరిటీ గార్డు వెళ్ళి సైలెన్స్ బటన్ నొక్కి వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని అనడానికి లేదు, ఆ లైటు అంతకుముందు ఎక్కడో జాయింట్ లీకై వారం పొడుగునా వెలుగుతూనే ఉంది, వెలిగిన ప్రతిసారీ "బటన్ నొక్కు, చూద్దాం" అన్నవాళ్ళే అందరూ.

కాసేపటికి వాల్వ్ రూములో ధభీమని ఒక చప్పుడు. ఆ వెంటనే గోడ బయట గాంగ్ మొదలు.

ఈ గాంగ్ గురించి ఒక మాట. ఇది కరెంటుతో మోగదు. వాల్వ్ తెరుచుకోగానే కొంచెం నీరు చిన్న పైపులోంచి వెళ్ళి ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం గంటని బాదుతుంది. మేనేజర్ గారు పరిగెత్తుకొచ్చి ప్యానెల్ మీద సైలెన్స్ నొక్కారు. ప్యానెల్ నోరు మూసుకుంది, గాంగ్ మూయలేదు. మళ్ళీ నొక్కారు. ఇంకోసారి గట్టిగా నొక్కారు. "ఇది పాడైపోయినట్టుందయ్యా" అన్నారు. ఆ రోజు బిల్డింగ్ మొత్తంలో పాడవకుండా పనిచేస్తున్నది అదొక్కటే.

నీళ్ళు వచ్చే మెయిన్ వాల్వ్ మూసేస్తే సరిపోయేది కదా అని ఇప్పుడు అందరూ అంటారు. మంట లేదని కళ్ళతో చూసి తేల్చుకోకుండా దాన్ని మూయకూడదు, అది మొదటి పాఠం. అందుకని అందరం మంట కోసం వెతికాం. మనం మామూలుగా ఏదైనా పోయిందంటే దొరకాలని వెతుకుతాం, ఇది దొరక్కూడదని వెతకడం, దాంతో ఎవరూ మనసుపెట్టి వెతకలేదు. జనమంతా బయట నిలబడ్డారు, తలలు లెక్కపెడితే ఒక తల తక్కువ. "కుర్రాడేడీ?" అన్నారెవరో. సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది.

లోడింగ్ డాక్ మూలకి వెళ్ళి చూస్తే నిచ్చెన పక్కన మనవాడు. డ్రమ్ డ్రిప్‌లోంచి నీళ్ళు ధారగా కొడుతున్నాయి. బకెట్ నిండగానే తీసుకెళ్ళి బయట కాలవలో పోసి వస్తున్నాడు, వచ్చేలోపు నేల మీద మడుగు, మళ్ళీ బకెట్. మమ్మల్ని చూసి మొహం వెలిగిపోయింది.

"అన్నా, చాలా ఉన్నాయి అన్నా లోపల. అసలు ఎప్పుడైనా ఖాళీ చేశారా దీన్ని?"

"మూసెయ్ రా!"

"ఇంకా ఆగలేదన్నా, నీళ్ళు ఆగాక మూసెయ్యమన్నారు కదా."

ఆగవు మరి. అవతలి చివర ఫైర్ పంపు ఉంది, దాని వెనకాల పెద్ద ట్యాంకు ఉంది. కుర్రాడు ఓపిక పడితే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా బకెట్లు మోసేవాడే, వాడి ముఖం చూస్తే మోసేలానే ఉన్నాడు కూడా.

వాల్వ్ మూశారు, మెయిన్ వాల్వ్ మూశారు, పంపు ఆపారు. గాంగ్ ఆగింది. అయిపోయిందనుకుని మేనేజర్ గారు "సరే, మళ్ళీ ఆన్ చేసేయండి" అన్నారు, ఫ్యాను ఆన్ చేయమన్నంత తేలిగ్గా. అప్పుడు ఫిట్టర్ పెద్దాయనకి ఫోన్ చేశాం. ఆయన వచ్చి, వాల్వ్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, సంచిలోంచి పానాలు తీసి నేల మీద పరిచి, "రాత్రికి చలి ఎంత ఉంటుందట?" అని అడిగాడు. అప్పటిదాకా ఎవరికీ తట్టని ప్రశ్న అది. గడ్డకట్టకూడదనే కదా గాలి పెట్టింది, ఇప్పుడు పైపుల నిండా నీళ్ళు. తెల్లారేలోపు చివరి బొట్టు దాకా దింపాలి.

మెయిన్ డ్రెయిన్ తెరిస్తే చాలావరకు పోయాయి. పల్లాల్లో మిగిలినవి డ్రమ్ డ్రిప్‌ల ద్వారానే పోవాలి. పైపులో ఒత్తిడేమీ లేదు కాబట్టి ఇప్పుడు పైదీ కిందిదీ రెండూ తెరవచ్చు. ఆ మాటే సూపర్‌వైజర్ కుర్రాడితో అన్నాడు.

"రెండూనా?" అన్నాడు వాడు.

"రెండూ."

"నీళ్ళు ఆగాక మూయాలా, ఆగకముందే మూయాలా?"

"ఆగాక."

కుర్రాడు కదల్లేదు. "ఒక కాయితం మీద రాసివ్వండన్నా" అన్నాడు. రాసిచ్చాడు. ఫిట్టర్ పెద్దాయన ఆ కాయితం తీసుకుని చదివి, కింద ఇంకో లైను తనే రాసి సంతకం పెట్టాడు.

తర్వాత అసలు పని. కవర్ బోల్టులు విప్పి, లోపల గొళ్ళెం పట్టుకుని నిలబడిన క్లాపర్‌ని వదిలించి, దాని అంచున ఉండే రబ్బరుని గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూసి, అది కూర్చునే సీటు కూడా తుడిచి, మెల్లగా దించాడు. కవర్ బిగించి పై నుంచి ప్రైమింగ్ నీళ్ళు పోశాడు. క్లాపర్ మీద కొంచెం నీరు నిలిస్తే గాలి సందుల్లోంచి జారిపోకుండా సీలు అవుతుంది. ఈయన దగ్గర ఒక మంచి అలవాటు, ఒక చెడ్డ అలవాటు కలిసి ఉన్నాయి, చేసే ప్రతి పనీ పక్కనున్నవాళ్ళకి వివరిస్తాడు. "ఈ నీళ్ళు తక్కువైతే గాలి కారుతుంది సార్, ఎక్కువైతే ఆ బరువుకి క్లాపర్ లేవడం ఆలస్యమవుతుంది. అదిగో, ఆ చిన్న కుళాయి ఉంది చూశారా, లెవెల్ చూసుకోడానికే అది." మేనేజర్ గారు శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా వినకుండా ఉండాల్సింది.

గాలి 40కి వచ్చింది. యాక్సిలరేటర్ (దాని సంగతి కాసేపట్లో చెప్తాను) లైన్లో పెట్టాడు. మెయిన్ డ్రెయిన్ తెరిచి ఉంచి మెయిన్ వాల్వ్ కొంచెం కొంచెంగా తిప్పుతూ, నీరు నిలకడగా వచ్చాక డ్రెయిన్ మూసి, మెయిన్ పూర్తిగా తెరిచాడు. క్లాపర్ కింద నీళ్ళకీ గాలికీ మధ్య ఖాళీగా ఉండే గది నుంచి వచ్చే డ్రిప్ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. పొడి. "అయిపోయినట్టే" అని పైపులు ఒకసారి చూసి వస్తానని డాక్ వైపు వెళ్ళాడు.

వాల్వ్ రూములో మిగిలింది మేనేజర్ గారు, నేను, ఆ చిన్న కుళాయి. "నీళ్ళు సరిపడా ఉన్నట్టేనంటావా?" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపు కుళాయి బారుగా తిప్పేశారు.

యాక్సిలరేటర్ అనేది పెద్ద సిస్టమ్‌లకి పెట్టే తొందర యంత్రం. పైపులు బోలెడున్నప్పుడు గాలి అంతా పోయి క్లాపర్ లేవడానికి చాలాసేపు పడుతుంది, అందుకని ఒత్తిడి గబుక్కున తగ్గుతున్నట్టు పసిగట్టగానే ఇది గాలిని క్లాపర్ కిందున్న మధ్య గదిలోకి పంపిస్తుంది. పైనా కిందా ఒకే గాలి అయ్యేసరికి ఆ 5, 6 రెట్ల బలం మాయం. లెవెల్ కుళాయి ముట్టుకునే ముందు యాక్సిలరేటర్‌ని మూసి పెట్టాలన్నది పెద్దాయన చెప్పాల్సిన వివరణలో తర్వాతి వాక్యం. అది ఆయన నోటి దాకా వచ్చిందో లేదో గానీ, ధభీమన్న శబ్దం ముందొచ్చింది.

చిన్న కుళాయిలోంచి వచ్చిన నీళ్ళు సూటిగా మేనేజర్ గారి చొక్కా జేబుని గురిచూసి కొట్టాయి. గోడ బయట గాంగ్ అందుకుంది. గార్డు తలుపు తోసుకుని వచ్చి, నిలువునా తడిసిన ఆయన్ని చూసి, "సార్, సైలెన్స్ నొక్కమంటారా?" అన్నాడు. డాక్ వైపు నుంచి పెద్దాయన అరుపు వినపడింది. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయను.

రెండోసారి అంతా మొదటి నుంచి చేశాం, అదంతా చెప్పను. ఈసారి డ్రిప్ దగ్గర పొడిగా లేదు, చుక్క చుక్కగా కారుతోంది. ఓ అరగంట దాన్ని చూస్తూ, అదే ఆగుతుందేమో అని ఆశపడ్డాం. ఆగలేదు, మళ్ళీ బోల్టులు విప్పాల్సి వచ్చింది. పెద్దాయన టార్చి వేసి రబ్బరు మీద చూపుడువేలు తిప్పుతూ ఒకచోట ఆగి, గోటితో ఏదో గీకి అరచేతిలో పెట్టి చూపించాడు. నువ్వుగింజంత తుప్పు పెళ్ళ. నీళ్ళతో పాటు కొట్టుకొచ్చి సీటు మీద కూర్చుంది. మేమంతా దాని చుట్టూ చేరి, వంగి వంగి చూసి, ఒకరి తర్వాత ఒకరం "ఇంతేనా?" అన్నాం. దాన్ని ఊదేసి, అంతా తుడిచి బిగించేసరికి అర్ధరాత్రి దాటింది. యాక్సిలరేటర్ దగ్గర కుర్రాడిని కాపలా పెట్టారు, ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దని చెప్పి. వాడు మేనేజర్ గారిని కూడా దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడు రిపోర్టు రాసేటప్పుడు మేనేజర్ గారికి ఒక మెరుపు ఆలోచన వచ్చింది. వాల్వ్‌ని కావాలనే పూర్తిగా తెరుచుకునేలా చేసి చూసే, 3 ఏళ్ళకోసారి చేయాల్సిన ఫుల్ ట్రిప్ టెస్ట్ దగ్గర పడుతోంది కదా, నిన్న ఎలాగూ రెండుసార్లు ట్రిప్ అయింది, దాన్నే టెస్ట్ కింద రాసేస్తే పోలా? ఒక టెస్ట్ బాకీ, ఇంకోటి ముందస్తు జమ. పెద్దాయన నవ్వకుండా విన్నాడు.

"రాయొచ్చు సార్. కుళాయి తెరిచినప్పుడు గాలి ఎంతుంది, ఎంతకి ట్రిప్ అయింది, ఎన్ని సెకన్లకి అయింది, చివరున్న టెస్ట్ వాల్వ్ దగ్గరికి నీళ్ళు ఎన్ని సెకన్లకి వచ్చాయి, ఈ నాలుగూ చెప్పండి, ఇప్పుడే రాస్తాను."

ఎవరి దగ్గరా ఏమీ లేదు. చివరికి గార్డు తన రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన టైముతో సహా రాసి ఉంచాడు, అదొక్కటే మాకున్న రికార్డు: "గంట మోగినది. పరిగెత్తితిని. మంట లేదు. మరల గంట మోగినది. ఈసారి పరిగెత్తలేదు. మేనేజర్ గారు తడిసి ఉన్నారు."

టెస్ట్ వచ్చే గురువారం పెట్టుకున్నాం.