ఎనిమిదికి ఆరు కలపడం

ఇక్కడ అమెరికాలో పేరెంట్-టీచర్ మీటింగ్‌లు జరిగిన వారం మనవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా ఒకటే మాట వినిపిస్తుంది. "ఫస్ట్ గ్రేడ్‌కి వచ్చినా ఇంకా ఇరవై లోపు కూడికలేనండీ! హైదరాబాద్‌లో మా అన్నయ్య కొడుకు ఇదే క్లాసులో రెండంకెల తీసివేతలు చేసేస్తున్నాడు." అక్కణ్ణించి మాట ట్యూషన్ సెంటర్ల మీదికి పోతుంది. భోజనాలు అయ్యేసరికి ఇద్దరు పిల్లలకి కొత్త వర్క్‌బుక్కులు ఖాయమవుతాయి.

ఈ కంగారు అనవసరం అని నా అభిప్రాయం. అంతే కాదు, కొన్ని ఇళ్ళలో దీనివల్ల పిల్లల లెక్కలు చెడుతున్నాయని కూడా అనుకుంటున్నాను.

ఆ ఇరవై లోపు కూడికల్లో ఏముందో ఒకసారి చూద్దాం. ఎనిమిదికి ఆరు కలపాలి. పిల్లవాడి ముందు టెన్ ఫ్రేమ్ ఉంటుంది, అంటే ఐదేసి గళ్ళు రెండు వరసలు. ఎనిమిది బిళ్ళలు పెడితే రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయని లెక్కపెట్టకుండానే కనిపిస్తుంది. ఆరులోంచి రెండు తెచ్చి ఆ ఖాళీలు నింపితే పది, పక్కన మిగిలినవి నాలుగు. పద్నాలుగు. ఏ తరగతిలో ఏ లెక్కలు రావాలో చెప్పేవి, చాలా రాష్ట్రాలు తీసుకున్నవి, 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు. వాటిలో ఒకటో తరగతి పిల్లలు నేర్చుకోవలసిన పద్ధతుల్లో ఇలా పది చేయడం ఒకటి. టెక్సస్ కామన్ కోర్ వద్దని సొంత ప్రమాణాలు రాసుకుంది, వాటిలోనూ ఒకటో తరగతిలో ఇది ఉంది. టెక్సస్ ఫ్రిస్కోలో ఉన్నవాళ్ళకీ న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నవాళ్ళకీ తప్పని లెక్క అన్నమాట.

పది మీద అంత పట్టుదల ఎందుకంటే ముందు ముందు వచ్చే అంకెల లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. 52లోంచి 27 తీసెయ్యమని ఇంట్లో అప్పు తెచ్చుకోవడం ముందే నేర్చుకున్న పిల్లల్ని అడిగి చూడండి. కొందరు ఠక్కున 35 అంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. వాళ్ళకి అవి రెండు నిలువు వరసల్లో ఉన్న విడి విడి అంకెలు. ఐదు అంటే ఐదు పదులు అనే సంగతి వాళ్ళ లెక్కలో ఎక్కడా లేదు. పది ఐస్‌క్రీమ్ పుల్లల్ని రబ్బర్ బ్యాండ్ వేసి కట్టలు కట్టిన పిల్ల అయితే ఒక కట్ట విప్పుతుంది. విప్పితే చేతిలో పన్నెండు పుల్లలు, ఏడు పోతే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. 25. నిలువుగా రాసి చేసే మామూలు పద్ధతిలో పట్టు రావడాన్ని కామన్ కోర్ నాలుగో తరగతికి పెట్టింది. మనం దాన్ని ఆరేళ్ళ వాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నేర్పించేస్తున్నాం.

ఇంకో పాఠం మన కంటికి అసలు ఆనదు. సమానం గుర్తు. ఒకటో తరగతి వర్క్‌షీట్‌లో "7 = 8 – 1, అవునా కాదా?" లాంటివి ఉంటాయి. చూసి నవ్వుకుంటాం. ఇంట్లో నాలుగో తరగతో ఐదో తరగతో చదివే పిల్లలుంటే ఈ లెక్క ఇవ్వండి: 8 + 4 = ఖాళీ + 5. చాలామంది పిల్లలు ఖాళీలో 12 రాస్తారు. గుర్తు కనబడగానే జవాబు రాసెయ్యాలి అనుకుంటారే తప్ప, అటూ ఇటూ తూగాలి అని వాళ్ళకి తట్టదు. రేపు ఆల్జీబ్రాలో ఎక్స్ దగ్గర ఆగిపోయే పిల్లల్లో కొందరు ఆగేది ఎక్స్ దగ్గర కాదు, ఈ గుర్తు దగ్గరే.

నంబర్ టాక్ అని పది నిమిషాల కార్యక్రమం ఒకటి చాలా బడుల్లో ఉంటుంది. టీచర్ బోర్డు మీద కొన్ని చుక్కలో ఒక కూడికో చూపిస్తారు. జవాబు వచ్చినవాళ్ళు చెయ్యెత్తకూడదు, గుండె దగ్గర బొటనవేలు పెట్టి ఊరుకోవాలి, మిగతావాళ్ళకి టెన్షన్ పెట్టకుండా. తర్వాత ఒక్కొక్కరూ తమకి ఎలా వచ్చిందో చెప్పాలి. మన పిల్లలు కొందరు జవాబు అందరికంటే ముందు తెచ్చుకుని, ఎలా వచ్చిందంటే మాత్రం "ఐ జస్ట్ నో", ఊరికే తెలుసు, అంటారు. టీచర్ దాన్ని రిపోర్ట్‌లో మర్యాదగా రాస్తే మనకి కోపం.

ఇక్కడి బడుల్లో అన్నీ సవ్యంగా ఉన్నాయని నేననను. చిటికెలో చెప్పగలిగిన పిల్ల చేత కూడా అదే లెక్క మూడు రకాలుగా బొమ్మలు గీయించడం విసుగు పుట్టిస్తుంది. అర్థమైతే చాలు, నోటికి రానక్కర్లేదు అనే టీచర్లూ ఉన్నారు. కామన్ కోర్ అలా అనలేదు. ఒంటి అంకెల కూడికలన్నీ రెండో తరగతి చివరికి, గుణకారాలన్నీ మూడో తరగతి చివరికి జ్ఞాపకంలో ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. బడిలో ఆ సాధన తక్కువైతే ఇంట్లో మనం పూరించవచ్చు. కారులో స్విమ్మింగ్ క్లాసుకి వెళ్తూ "రెండు రెళ్ళు నాలుగు" వల్లె వేయించండి, నాకేం అభ్యంతరం లేదు. మన తాతలు ఇరవయ్యో ఎక్కం దాకా అలాగే నేర్చుకున్నారు.

నా అసలు గొడవ ఇక్కడి మన తెలుగు సంఘాలతోనే. సంక్రాంతి సంబరాల్లో కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి వరకు పిల్లలకి కూడా స్టాప్‌వాచ్ పెట్టి మ్యాథ్ పోటీలు నడుపుతున్నారు. ఐదు నిమిషాల్లో ఎన్ని లెక్కలు చేశారన్నదే మార్కు. ఆ వయసు వాళ్ళకి ఈ పోటీ ఎత్తెయ్యాలి. ఎత్తేస్తే తల్లిదండ్రులు రిజిస్ట్రేషన్ చేయించుకోరని కమిటీలో అంటారు. కొందరు చేయించుకోరు, నిజమే.

దాని బదులు ఆ గదిలో నాలుగు అష్టాచెమ్మా పటాలు గీసి పెట్టండి. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండా చూసి చెప్పాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఏ కాయ ఎన్ని గళ్ళు జరిపితే ఎదుటివాడి కాయ చస్తుందో మనసులో కలుపుకోవాలి, పక్కవాడు ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పి ఒప్పించాలి. వామనగుంటలైతే ఇంకా మంచిది. పద్నాలుగు గుంటలు, చింతపిక్కలు పంచుకుంటూ పోతూ చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే ఊహించాలి. ఒకటో తరగతి టీచర్లు డాలర్ స్టోర్‌లో పూసలు, పాచికలు కొని సొంత డబ్బుతో చేయిస్తున్న పని ఇదే. తాతయ్యలు, అమ్మమ్మలు సంబరాలకి వచ్చి గోడ పక్క కుర్చీల్లో ఖాళీగా కూర్చుంటున్నారు, ఆట నేర్పడానికి వాళ్ళున్నారు. ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో దొరికేది ఎక్కువగా గింజ తీసిన చింతపండే కాబట్టి, పిక్కలూ గవ్వలూ మాత్రం ఈ ఎండాకాలం ఇండియా వెళ్ళేవాళ్ళు ఎవరైనా తేవాలి.